మోకాలు దాటని నీళ్లు

"ఇప్పుడు చూడండి," అని కాలువ ప్రోగ్రాములు చూసే ఇంజనీరు డాక్టర్ హైమ ఒక్క అంకె మార్చి మీట నొక్కింది.

కంట్రోల్ రూము గోడ మీద పదకొండు స్క్రీన్లున్నాయి. మొదటిది పచ్చబడింది. కాసేపటికి రెండోది, మూడోది. పదకొండోది కూడా పచ్చబడేసరికి గడియారంలో సరిగ్గా నాలుగు నిమిషాలు గడిచాయి. గదిలో ఇంజనీర్లంతా చప్పట్లు కొట్టారు. గుమ్మం దగ్గర నిలబడ్డ లస్కరు నూకరాజు కూడా కొట్టాడు. దేనికో ఆయనకి తెలీదు. పదిమంది కొడుతుంటే చేతులు కట్టుకుని నిలబడితే బాగోదని కొట్టాడు.

తెలిసుంటే కొట్టేవాడు కాదేమో. ఆ నాలుగు నిమిషాల్లో తన ఉద్యోగానికే ఎసరు పెట్టారు మరి.

సంగతి మొదటినుంచి చెప్తాను. వేణులంక కాలువకి పదకొండు పాయలు. పూర్వం ఒక్కో పాయకి ఇద్దరేసి లస్కర్లు, అంటే గేట్లు ఎత్తి దించే మనుషులు, ఇరవై రెండు మంది ఉండేవాళ్లు. తర్వాత గేట్లకి మోటార్లు వచ్చాయి, మోటార్లని నడిపే ప్రోగ్రాములు వచ్చాయి, లస్కర్లు ఒక్కొక్కరే ఇంటిదారి పట్టారు. మిగిలింది శివారున, కాలువ చిట్టచివర పదకొండో పాయ దగ్గర, నూకరాజు ఒక్కడే. గేట్లకి గ్రీజు పెట్టడం, రోజూ పొద్దున్నే ఆరింటికి నీటి లోతు రిజిస్టర్లో ఎక్కించడం ఆయన పని.

ఒక్కో పాయ ప్రోగ్రాము ఒక్కో రిపోజిటరీలో, అంటే ప్రోగ్రాములు దాచే కొట్టులో, ఉంటుంది. ఒక్కోదాన్ని ఒక్కో ఊళ్లో కూర్చున్న బృందం చూసుకుంటుంది. లోతు లెక్కగట్టే 'కొలత' అనే చిన్న రిపోజిటరీ మాత్రం పదకొండింటికీ ఉమ్మడి. వీటన్నిటినీ కలిపి ఉంచేది గిట్ సబ్‌మాడ్యూల్ అనే పాత పద్ధతే. పాతదని నవ్వకండి. బండిచక్రం అంతకన్నా పాతది, ఇంకా దొర్లుతూనే ఉంది.

చప్పట్లయ్యాక టీలు వచ్చాయి. నూకరాజు గ్లాసు పట్టుకుని హైమ దగ్గరికొచ్చాడు.

"మేడంగారూ, ఆ సబ్‌మాడ్యూల్ అంటే ఏంటండి?"

హైమకి మిషన్లంటే ఎంత ఇష్టమో వాటి గురించి చెప్పడమన్నా అంతే ఇష్టం. వెంటనే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"వెయ్యి మందికి సంతర్పణ పెట్టారనుకోండి. పెద్ద వంటాయన చేతిలో ఒక చీటీ ఉంటుంది. పులిహోర ఎలా చెయ్యాలో అందులో ఉండదు. 'పులిహోర, అచ్చియ్యమ్మగారు మంగళవారం చేసినట్టు' అని మాత్రం ఉంటుంది. సబ్‌మాడ్యూల్ అంటే ఆ చీటీయే. ఎవరిది, ఏ రోజుది, అంతే."

"ఆయ్."

"బుధవారం అచ్చియ్యమ్మగారు ఉప్పు తగ్గించారు. మరి చీటీలో ఏముంది?"

"మంగళవారమేనండి. ఎవరో ఒకరు చీటీ మార్చేదాకా ఊరంతా ఉప్పు పులిహోర తినాల్సిందే."

"అదే మా బాధ! పాయల్లో రోజూ ఎవరో ఒకరు ఏదో ఒకటి బాగుచేస్తూ ఉంటారు. ఆ సంగతి కనుక్కుని మిగతావాళ్లు తమ చీటీలు మార్చుకునేసరికి వారం. ఒక్కోసారి నెల. ఒక్కోసారి మర్చిపోవడమే. ఈ 'జత' అనే మిషను చీటీలన్నీ తనే మారుస్తుంది. ఎవరు ఎక్కడ ఏ మార్పు చేసినా, నాలుగు నిమిషాల్లో అన్నిచోట్లా అదే."

నూకరాజు ఒక గుక్క తాగి ఆగాడు. "మరి బుధవారం చేసిందే బాగోకపోతేనండి?"

"రుచి చూసే ఏర్పాటు ఉంది. మీరు పొద్దున్నే రాసే లోతునీ, స్క్రీన్ చూపించే లోతునీ జత పోల్చి చూస్తుంది. రెండూ కలవకపోతే మారుమాట లేకుండా పాత చీటీ పెట్టేస్తుంది. ఆరేళ్ల మీ రిజిస్టరు చూశాను నూకరాజుగారూ. స్క్రీన్‌కీ దానికీ వెంట్రుకవాసి తేడా లేదు. మీలాంటి మనిషిని నేనెక్కడా చూడలేదు."

నూకరాజు మొహం మాడిపోయింది. పొగిడితే మొహం మాడ్చుకునేవాణ్ణి కూడా హైమ ఎక్కడా చూసి ఉండదు. కానీ ఆవిడ తన ఉత్సాహంలో తను ఉంది. "ఇంకో నెల ఇలాగే కలిస్తే ఇక రిజిస్టరుతో పని లేదు. మీ పోస్టు తీసేస్తామని పైనుంచి కాగితం కూడా వచ్చింది. హాయిగా ఇంటిపట్టున ఉండండి."

"అలాగేనండి," అన్నాడు నూకరాజు.

ఆయన ఉద్యోగం సంగతి అలా ఉంచండి. అసలు ముప్పు ఇంకొకరికి వచ్చింది. శివారున నాలుగెకరాలు కౌలుకి చేసే రత్నమాణిక్యం సార్వాకి, అంటే తొలకరి పంటకి, నారు పోసి పన్నెండు రోజులైంది. ఇంట్లో ఉన్న విత్తనమంతా మడిలోనే ఉంది. ఆ నారు పోతే మళ్లీ పోయడానికి విత్తనం లేదు, విత్తనం దొరికినా అదును దాటిపోతుంది. అదునెరిగి సేద్యం అన్నారు పెద్దలు. ఆలస్యంగా నాటితే పంట కోతకొచ్చేసరికి తుపాన్లు కాచుకుని కూర్చుంటాయి. ఆ సంవత్సరం జూన్‌లో ఎండ మంచి కసి మీద ఉంది.

ఆ చప్పట్లయిన మూడో రోజు, బుధవారం పొద్దున్న పదింటికి మాణిక్యం కంట్రోల్ రూములోకి వచ్చింది. వెనకే నూకరాజు. తన బండి మీద ఎక్కించుకొచ్చింది ఆయనే.

"డాక్టరమ్మగారంటే మీరేనా అండి?" అంటూ కొంగులోంచి ఒక నారుకుచ్చు తీసి హైమ బల్ల మీద పెట్టింది. కొసలు పసుపెక్కి సూదుల్లా చుట్టుకుపోయాయి. వేళ్లకి అంటుకున్న మట్టి గట్టిగా పెంకులా ఉంది. "సోమవారం నుంచి మా తూములోకి చుక్క ఎక్కట్లేదండి. కాలవలో నీళ్లున్నాయి. చూట్టానికి నిండుగానే ఉన్నాయి. కానీ తూము నోటికి జానెడు కింద ఆగిపోయాయి. ఇవాళ సాయంత్రానికి మడి తడవకపోతే నాదే కాదు, శివారులో నూట పది మంది నారు మాడిపోద్ది."

హైమ స్క్రీన్ చూసింది. "లోతు రెండున్నర అడుగులుందమ్మా. మీ తూము ఉన్నది రెండడుగుల ఎత్తున. ఎక్కి తీరాలి."

"తెరలో ఎక్కితే నా మడి తడుస్తాదా తల్లీ?"

"తెర ఒక్కటే కాదు, లస్కరుగారి రిజిస్టరు కూడా అదే చెప్తోంది. సోమవారం రెండున్నర, నిన్న రెండున్నర, ఇవాళ రెండున్నర."

మాణిక్యం వెనక్కి తిరిగి నూకరాజుని చూసింది. తిట్టినా బాగుండేది.

"నేను చూసి రాయలేదండి," అన్నాడు నూకరాజు.

"అంటే?"

"ఆరేళ్ల కిందట ఓ రోజు కాలవలో దిగితే మోకాలు దాకా కూడా తడవలేదండి. స్క్రీనేమో రెండున్నర అంటోంది. నా కాలు చెప్పిందే రాశాను. పైనుంచి మెమో వచ్చింది. స్క్రీన్‌కీ నీ కొలతకీ తేడా ఎందుకొచ్చిందో సంజాయిషీ ఇమ్మన్నారు. ఇచ్చాను. చాలదన్నారు. మూడుసార్లు ఆఫీసు చుట్టూ తిప్పారు. అప్పణ్ణించి రోజూ దిగుతూనే ఉన్నానండి, ఒక్కరోజు మానలేదు. రాసేది మాత్రం స్క్రీన్ చూసే రాస్తున్నాను." ఆయన బల్ల మీది నారుకుచ్చు వంక చూశాడు. "నిన్నా ఇవాళా ఈవిడ మడి ఎండుతుంటే చూస్తూనే రెండున్నర అని రాశానండి. మీరు సోమవారం నన్ను పొగిడారు చూడండి, అప్పుడే చెప్పెయ్యాల్సింది. ధైర్యం చాల్లేదు."

హైమ కూలబడింది. ఏ సాక్షిని నమ్ముకుని మిషను కట్టిందో ఆ సాక్షి స్క్రీన్‌ని చూసి చెప్తున్నాడు. జత స్క్రీన్‌ని స్క్రీన్‌తోనే పోల్చుకుంటోంది. తన పేపరు తనే దిద్దుకుని నూటికి నూరు వేసుకునే పిల్లాడి వ్యవహారం.

"ఇవాళ దిగారా?"

"దిగానండి."

"మీ కాలు ఏమంది?"

"మోకాలు దాటలేదంది. మామూలుగా అయితే తొడ సగం తడవాలి. అడుగు తక్కువండి."

"అడుగు!" హైమ దిగ్గున లేచింది. సోమవారం అందరి ముందూ తను మార్చిన అంకె అదే. ఆరో పాయలో ఈ వేసవిలో పూడిక తీశారు. అడుగునేల ఒక అడుగు దిగింది కాబట్టి లోతు లెక్కలో ఒక అడుగు కలపమని ఆరో పాయ బృందం అడిగింది. నిజమే, ఆరో పాయకి కలపాలి. ఆ అంకెని తీసుకెళ్లి పెట్టింది మాత్రం ఉమ్మడి 'కొలత'లో. పూర్వమైతే మిగతా పది పాయలూ పాత చీటీలతోనే నడిచేవి, ఈలోపు ఎవరో ఒకరు పట్టుకునేవారు. జత నాలుగు నిమిషాల్లో ఆ తప్పుని పదకొండిళ్లకీ పంచిపెట్టింది. పూడిక తియ్యని శివారులో అడుగు నీళ్లు లేకుండానే స్క్రీన్ మీద పెరిగాయి. అక్కడ నిండుగా ఉందనుకుని పై గేట్లు దిగిపోయాయి.

"ఇప్పుడెలాగమ్మా మరి?" అంది మాణిక్యం. ఆవిడకి అంకెలు అక్కర్లేదు.

"పాత చీటీలున్నాయి," అంది హైమ. అప్పటికే ఆవిడ వేళ్లు కీబోర్డు మీద పరిగెడుతున్నాయి. "చీటీలో రోజు రాసి ఉంటుందన్నాను కదా? ఆదివారం ఎవరి ప్రోగ్రాము ఎలా ఉందో అలాగే ఉంది, ఎక్కడికీ పోలేదు. అందర్నీ ఆదివారానికి పంపించేస్తున్నాను."

నాలుగు నిమిషాలు పట్టింది. స్క్రీన్ మీద రెండున్నర కాస్తా ఒకటిన్నర అయింది. లోతు తగ్గితే ఒక ఇంజనీరు అంతగా సంబరపడటం ఆ గది ఎప్పుడూ చూడలేదు. పైన గేట్లు ఒక్కొక్కటే లేవడం మొదలెట్టాయి.

కానీ నీళ్లు నాలుగు నిమిషాల్లో రావు కదా. పై గేట్ల దగ్గర్నుంచి శివారుకి ఆరు గంటల ప్రయాణం. ముగ్గురూ కాలువగట్టుకి చేరుకున్నారు. నూకరాజు పంచె ఎగ్గట్టి నీళ్లలో దిగి నిలబడ్డాడు. గట్టెక్కమంటే వినలేదు. మాణిక్యం తూము దగ్గర చతికిలబడి, దాని నోట్లోకే చూస్తూ కూర్చుంది. హైమకి ఎక్కడ నిలబడాలో తోచక గట్టు మీద అటూ ఇటూ తిరిగింది. మూడయింది. మూడున్నరయింది. నారుమడి నెర్రెలిచ్చిన చోట వేలు దూరుతోంది.

నాలుగూ ఇరవైకి నూకరాజు కేక పెట్టాడు. "దాటిందండోయ్! మోకాలు దాటింది!"

ఇంకో పావుగంటకి తూములో గుడగుడమంది. ముందు నురగ, చెత్తా వచ్చాయి, వెనకే ఎర్రనీళ్లు మడికెళ్లే బోదెలోకి దూకాయి. మడి మట్టి చుర్రుమని పీల్చుకుంది. మాణిక్యం గుప్పెడు నీళ్లు తీసి మొహాన కొట్టుకుని, అక్కడే గట్టు మీద కూర్చుని బావురుమంది. "బతికాను తండ్రీ, బతికాను," అంటూ ఏడుస్తూనే, "నీ రిజిస్టరు తగలెయ్యా, నువ్వో మనిషివా నూకరాజూ!" అని తిట్టిపోసింది. మూడు రోజుల్నుంచి దిగమింగుకున్న తిట్లన్నీ ఒక్కొక్కటీ తిట్టింది. నడుంలోతు సిగ్గుతో నిలబడ్డా, ఆ తిట్లు వింటుంటే నూకరాజు గుండె తేలికపడింది. హైమ కూడా చెప్పులు పక్కన పడేసి మడి గట్టు మీద కూర్చుండిపోయింది. ఆవిడకి ఆకలన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

నారు దక్కింది. నూట పది మందిదీ దక్కింది.

ఆ వారంలోనే హైమ జతని సవరించింది. చీటీలు ఇప్పటికీ జతే మారుస్తుంది, నాలుగు నిమిషాల్లోనే. కాకపోతే ఆ మార్పు ఖాయం కావాలంటే శివారు కాలువలో ఒక మనిషి దిగి, కాలు ఎంతవరకు తడిసిందో చెప్పాలి. ఆ మనిషి స్క్రీన్ చూడకూడదు. రాతి కొలబద్ద పాతితే పోదా అన్నారు ఆఫీసువాళ్లు. అది పూడికలో కూరుకుపోతుంది, అప్పుడు దాని మాట కూడా అబద్ధమే అవుతుందంది హైమ. పోస్టు తీసేసే కాగితం చింపేశారు. నూకరాజు గదిలోంచి స్క్రీన్ పీకేశారు. పదకొండు ఊళ్లలో పదకొండు బృందాలు ఎంత గొప్ప మార్పు చేసినా, పొద్దున్నే ఆయన టీ తాగి, బీడీ కాల్చి, తీరిగ్గా కాలువలో దిగేదాకా గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాల్సిందే.

అంతా బాగానే ఉంది గానీ, ఆగస్టులో నూకరాజు మేనకోడలి పెళ్లి వచ్చిపడింది. మేనమామ లేకపోతే పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి తెచ్చేదెవరు? మూడు రోజులు సెలవు పెట్టాడు. ఆ కాగితం మెట్టుమెట్టూ ఎక్కి పైదాకా వెళ్లి కిందికొచ్చింది. బదులు కాలు చూపించి వెళ్లమన్నారు. మిగతా ఇరవై ఒక్క మంది లస్కర్లనీ ఎప్పుడో పంపేశారాయె, బదులు కాలు ఎక్కడుంది?

పెళ్లినాడు పొద్దున్న ఆరింటికి నూకరాజు ఫోను మోగింది. అక్కడ సన్నాయి హోరెత్తిపోతోంది.

"నూకరాజుగారూ, నేను హైమని. మీకు తొడ సగం తడవాలన్నారు కదా? నాకు నడుం దాకా వచ్చేశాయి. ఇదేంటండీ, వరదేమైనా వచ్చిందా?"

"వరద కాదు మేడంగారూ, మీరు పొట్టి! మీకు నడుం తడిస్తే నా లెక్క సరిపోయినట్టే. ఖాయం చేసెయ్యండి."

హైమ ఫోను నెత్తిన పెట్టుకుని, రెండు చేతులా చీర పట్టుకుని, బురదలో జారకుండా మెల్లగా ఒడ్డుకి వస్తోంది. పచ్చగా ఎదిగిన చేను గట్టు మీద నడిచి వస్తున్న మాణిక్యం ఆవిణ్ణి చూసి ఆగిపోయింది.

"అయ్యో డాక్టరమ్మా, మీరు దిగారేంటండి! మిషను గానీ చెడిపోయిందా?"

"లేదు మాణిక్యంగారూ, బ్రహ్మాండంగా పనిచేస్తోంది," అంది హైమ కుచ్చిళ్లు పిండుకుంటూ. "అందుకే దిగాను."