రోడ్డెక్కకూడని కారు

చీకటి పడుతోంది!

స్పీడోమీటర్ ముల్లు నూట ఎనభై దాటి వణుకుతోంది.

షుకోర్ పారిపోతున్నాడు.

ఎంత వేగంగా పారిపోతున్నాడంటే... చూస్తుండగానే బయల్దేరిన చోటికే వచ్చేస్తున్నాడు!

రేస్ ట్రాక్ మరి. ఎంత పరిగెత్తినా చుట్టూ తిరగడమే. కథలో ఒకటో రెండో మలుపులుంటాయి. ఇక్కడ మలుపులు తప్ప ఇంకేం లేవు.

మెయిన్ గేటుకి తాళం పడింది. చుట్టూ ఇనుప కంచె. కంచె అవతల కనుచూపు మేరా పామాయిల్ తోటలు. పొద్దుట్నుంచీ ఇక్కడ ఇంజిన్లు అరిపించిన వాళ్లంతా సాయంత్రపు మగ్రిబ్ నమాజు వేళకి కార్లని ట్రెయిలర్ల మీదికెక్కించుకుని జొహోర్ బారు నగరం దారి పట్టారు.

మిగిలింది షుకోర్. అతని నీలం కారు.

ఇంకా... ఆ కారు తనకి అప్పగించిన షెడ్డు ఓనరు తౌకే కెంగ్!

ఈ కారు వేగం ముందు తౌకే పికప్ ట్రక్కు ఎంత? అందుకే తౌకే వెంటపడటం మానేశాడు.

ఎదురుపడుతున్నాడు!

అదిగో... మలుపులో రెండు హెడ్‌లైట్లు!

షుకోర్ స్టీరింగ్ విసురుగా తిప్పాడు. ఎడమ చక్రాలు గడ్డిలోకి దిగాయి. పికప్ వెంట్రుకవాసిలో పక్కనుంచి దూసుకుపోయింది. కిటికీలోంచి తౌకే కేక...

“ఆగు లా, బాస్! ఆ గుడ్డముక్క ఇచ్చేసి పో లా!”

తౌకే మాట చివర ఎప్పుడూ ‘లా’ ఉంటుంది. మనిషిలో మాత్రం ఏ లా లేదు.

షుకోర్ యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు.

ఢాం!

తల వంచేశాడు.

తుపాకి కాదు. తన కారే! కాలు తీసినప్పుడల్లా సైలెన్సర్ ఇలాగే నిప్పులు కక్కి పేలుతుంది. పొద్దున ఆ మోతకి మురిసిపోయాడు. ఇప్పుడు మోగినప్పుడల్లా ప్రాణం పోయి వస్తోంది.

తప్పు ఎవరిది? తనదే.

బతు పహాట్‌లో షుకోర్‌కి డోబీ షాపులున్నాయి. ఊరి బట్టలన్నీ ఉతికి ఆరేస్తాడు. నలభై ఐదు దాటాక రేసు పిచ్చి పట్టింది. మజ్లాన్ కార్ల బ్రోకరు. పక్కింటివాడు, అన్నలాంటివాడు. ఆ మజ్లానే ఈ కారు చూపించాడు.

“జపాన్ ఓడ దిగి తిన్నగా తౌకే షెడ్డుకొచ్చింది, తమ్ముడూ! పర్మిట్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు, నంబర్ ప్లేటు లేదు. ట్రాక్ కోసమే కదా, అవన్నీ ఎందుకు? తోలితే ట్రాక్ మీదే తోలు. రోడ్డు మీద తోలావో... పోలీసులు నీ తోలు తీస్తారు!”

భార్య జులైహా మొత్తుకుంది. “రోడ్డెక్కని కారు కొని మమ్మల్ని రోడ్డున పడేయకండి!”

విన్నాడా? దిగుమతి కారు. పేరులోనే ఉంది... మతి దిగిపోయినవాడే కొంటాడు.

ఇందాక అందరూ వెళ్లిపోయాక ఎడమ హెడ్‌లైట్ అంచున ఒక మరక కనిపించింది. డోబీవాడి చెయ్యి ఊరుకుంటుందా? రుద్దాడు. గట్టిగా రుద్దాడు. కారంతా కప్పిన నీలం స్టిక్కర్ అంచు లేచింది. లాగితే ఊడొచ్చింది.

కారు అసలు రంగు బయటపడింది.

తెలుపు!

బంపర్ సందులో ఏదో ఇరుక్కుని ఉంది. వేలు పెట్టి లాగాడు. గుడ్డముక్క. ఊదా రంగు. అంచుకి కుట్టిన తెల్లటి పట్టీ, దాని మీద చెరగని సిరాతో... ఎస్-41.

తన షాపు గుర్తు!

షుకోర్ దగ్గర ఒక్కో ఇంటికి ఒక్కో నంబర్. మారదు. ఎస్-41 సల్మా టీచర్‌ది. షుకోర్ కూతురు నత్తితో నోరు విప్పకపోతే, ఆ పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని, పాటలా చదివించి మాట నేర్పిన మనిషి. తలకి ఎప్పుడూ ఊదా ముసుగే.

రంజాన్‌కి ముందు ఒక పొద్దున, స్కూటర్ మీద బడికి వెళ్తున్న ఆవిడని కారు గుద్ది చంపేసింది. ఆగలేదు. తెల్ల కారు అని మాత్రం ఎవరో చూశారు. జొహోర్ రాష్ట్రమంతా గాలించారు. దొరకలేదు.

ఎలా దొరుకుతుంది? నీలం తొడుక్కుని ట్రాక్ ఎక్కేసింది! ఇక్కడ నంబర్ అడిగేవాడు లేడు. తనిఖీ లేదు. ఏదో ఒక రోజు గోడని గుద్దుకుంటే తుక్కు కింద పోతుంది. తోలేవాడితో సహా పోతే మరీ మంచిది!

అప్పుడే నోరు మూసుకోవాల్సింది. షుకోర్ ఆ గుడ్డముక్క ఊపుతూ అరిచాడు.

“తౌకే! ఇది ఇంతకు ముందు తెల్ల కారా?”

తౌకే నవ్వు ఆరిపోయింది. పికప్ ఎక్కి, తిన్నగా గేటు దగ్గరికెళ్లి తాళం వేశాడు.

కారుకి నంబర్ లేదు.

గుడ్డకి ఉంది!

* * *

డాష్‌బోర్డు మీద బిగించిన ఫోన్‌ని షుకోర్ వేలితో పొడిచాడు. 999. పోలీసుల నంబర్.

“చెప్పండి సార్, ఏమైంది?” ఆడగొంతు.

“రేస్ ట్రాక్‌లో ఉన్నానమ్మా! పామాయిల్ తోటల మధ్య... బుకిత్ తెరాతాయ్ ట్రాక్! చంపేస్తున్నారు!”

“మీ వాహనం నంబర్ చెప్పండి.”

“నంబర్ లేదమ్మా!”

“పోనీ రంగు?”

“నీలం!” గాలికి స్టిక్కర్ మరో మూర చిరిగింది. “కాదు... సగం తెలుపు!” బానెట్ మీద ఇంకో ముక్క ఎగిరిపోయింది. “ముప్పాతిక తెలుపమ్మా!”

అవతల కీబోర్డు టకటకలు ఆగాయి.

“సార్... ఏమైనా తాగి ఉన్నారా?”

“ఇవాళ ఉపవాసమమ్మా! మంచినీళ్లు కూడా తాగలేదు!”

“సరే సార్. బండి పంపిస్తున్నా. ఊళ్లోంచి రావాలి, కాస్త టైం పడుతుంది. మీరు కదలకుండా అక్కడే...”

ఎదురుగా హెడ్‌లైట్లు! స్టీరింగ్ తిప్పాడు. కారు గిర్రున తిరిగి మళ్లీ దారిలో పడింది. ఫోన్ తెగిపోయింది.

కదలకుండానా? కదలడం ఆగితే చస్తాడు!

ఎవరున్నారు? దగ్గర్లో ఎవరున్నారు?

మజ్లాన్! మజ్లాన్ తోట ఈ కంచె పక్కనే! పాపం, అన్ననీ తౌకే మోసం చేసుంటాడు!

“లాన్ అన్నా! ట్రాక్‌లో ఇరుక్కుపోయాను! తౌకేకి పిచ్చెక్కింది, చంపేస్తాడు!”

“ఏయ్, ఏడవకు! నేను తోటలోనే ఉన్నా. మా వైపు వెనక గేటుంది కదా, తాళం నా దగ్గరే. తిన్నగా అక్కడికి రా. పందుల్ని కొట్టే తుపాకి కూడా తెస్తున్నా. తౌకేని చూసుకుందాం. సరేనా తమ్ముడూ?”

షుకోర్‌కి ఏడుపొచ్చింది. సంతోషంతో.

అన్న అంటే అన్నే!

కానీ... ఇంజిన్ వేడి ముల్లు ఎర్రగీత దాటుతోంది. ఇలాంటప్పుడు ట్రాక్ మీద ఎవడైనా చేసేది ఒకటే. కారులో హీటర్ పూర్తిగా తిప్పాలి. ఇంజిన్ వేడి లోపలికొస్తుంది. మనిషి ఉడుకుతాడు, ఇంజిన్ బతుకుతుంది.

తిప్పాడు.

వేడిగాలి మొహానికి కొట్టింది. దాంతోపాటు... ఒక వాసన.

తియ్యగా. ఘుమఘుమలాడుతూ. ఇప్పుడే వండి దించిన కొబ్బరన్నంలా!

పాందాన్ ఆకు. ఇక్కడి ఇళ్లలో సువాసన కోసం అన్నంలో వేసేది.

జపాన్ ఓడ దిగి తిన్నగా షెడ్డుకొచ్చిందని మజ్లాన్ చెప్పిన కారులో పాందాన్ ఆకేంటి?!

ఒక చేత్తో స్టీరింగ్. రెండో చెయ్యి డాష్‌బోర్డు కిందికి దూర్చాడు. హీటర్ గొట్టం వెనక ఏదో తగిలింది. లాగాడు. ఎండిపోయిన ఆకుల కట్ట. కట్టిన తాడు... తాడు కాదు. పువ్వుల పట్టు గుడ్డ పేలిక.

షుకోర్ ఒళ్లు చల్లబడింది. ఆ వేడిలో కూడా!

మజ్లాన్ భార్య బట్టలు కుడుతుంది. మిగిలిన పేలికలతో పాందాన్ కట్టలు కట్టి మొగుడికిస్తుంది. మజ్లాన్ వారానికో కారు మారుస్తాడు. ఏ కారు నడిపినా ముందు ఆ కట్ట దూర్చాకే తాళం తిప్పుతాడు. వీధంతా ఎగతాళి చేస్తుంది... “లాన్ కారెక్కితే ఆకలేస్తుంది!”

సల్మా టీచర్ అంతిమయాత్రలో జనాజా మోసినవాళ్లలో... మజ్లాన్ ముందు వరసలో ఉన్నాడు.

బీప్!

పెట్రోల్ లైటు వెలిగింది.

మెయిన్ గేటుకి తాళం. వెనక గేటులో తుపాకి. ట్యాంకులో ఆవిరి.

ఇక తిరగడానికి లేదు!

* * *

వెనక గేటు సగం తెరిచి ఉంది.

హెడ్‌లైట్ల వెలుగులో మజ్లాన్. లుంగీ, చొక్కా, భుజాన తుపాకి. చెయ్యి ఊపుతున్నాడు. చుట్టం వచ్చినట్టు!

షుకోర్ కారు ఆపాడు. ఇంజిన్ ఆపలేదు. వెనకే పికప్ వచ్చి ఆగింది. తౌకే దిగాడు. చేతిలో చక్రాలు విప్పే పొడుగాటి స్పానర్.

ముందు మజ్లాన్. వెనక తౌకే. నడుమ తను... నడుముకి బెల్టు.

“వచ్చేశావు కదా, ఇంకేం భయం లేదు. దిగు తమ్ముడూ,” అన్నాడు మజ్లాన్. “ఆ గుడ్డ ఏదీ?”

గుడ్డ సంగతి షుకోర్ ఫోన్‌లో చెప్పనేలేదు!

“ప్లేటు లేని కారు అంటగట్టి, నువ్వే ప్లేటు ఫిరాయించావా అన్నా?” షుకోర్ కిటికీలోంచి ఆకుల కట్ట విసిరాడు. అది మజ్లాన్ కాళ్ల దగ్గర పడింది.

మజ్లాన్ దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

“ఎండ కళ్లలో కొట్టింది. ఆవిడ కనిపించలేదు. ఒట్టు.”

“కనిపించాక? దిగి చూడొచ్చుగా! అప్పటికి ఊపిరుందంట అన్నా! బడి పిల్లలు వచ్చేదాకా ఉందంట!”

“ఎలా ఆగను?” మజ్లాన్ అరిచాడు. “కారుకి కాగితాలు లేవు! దొంగ నంబర్ తగిలించి తిప్పుతున్నా! ఆగితే... కారెవరిదంటే ఏం చెప్పను?”

“జనాజా మోశావు...”

“మోశాను! బరువుగా లేదనుకున్నావా?”

తుపాకి భుజం మీంచి దిగింది. గొట్టం షుకోర్ మొహానికి సూటిగా నిలిచింది.

“మాటలేంటి లా, మజ్లాన్!” వెనక నుంచి తౌకే. “కానీ లా! నేను రంగు మార్చానంతే. మనిషిని గుద్దింది నువ్వు. ఇదీ నువ్వే చూసుకో లా!”

“నువ్వు నోరు ముయ్!” మజ్లాన్ కళ్లు తౌకే వైపు ఒక్కసారి వెళ్లొచ్చాయి. ఆ చూపు మంచిది కాదు. “దిగు షుకోర్. ఆఖరిసారి చెప్తున్నా.”

దిగితే చావు. దిగకపోతే చావు.

అద్దంలో చూశాడు. తౌకే నడుచుకుంటూ సరిగ్గా వెనకకి వచ్చాడు. సైలెన్సర్‌కి బారెడు దూరం.

షుకోర్ బిస్మిల్లా అనుకున్నాడు. క్లచ్ నొక్కాడు. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కాడు...

వదిలేశాడు!

ఢాం!

నిప్పు జ్వాల తౌకే మోకాళ్లని నాకింది. తౌకే వెల్లకిలా పడ్డాడు.

“కాల్చాడు లా! మజ్లాన్ నన్ను కాల్చేశాడు లా!”

ఇరవై ఏళ్లుగా కార్లు విప్పుతున్నవాడే, సైలెన్సర్ మోత తెలీనివాడా! కానీ తుపాకి ఎదురుగా ఉంటే ఎవడికి తెలివి ఎదురుగా ఉంటుంది?

మజ్లాన్ అదిరిపడ్డాడు. గొట్టం జానెడు పక్కకి తిరిగింది.

ఆ జానెడే!

గేరు పడింది. టైర్లు కీచుమన్నాయి. మజ్లాన్ పక్కకి దూకాడు. గేటు రెక్క తగిలి పక్క అద్దం విరిగిపోయింది. మట్టి... రాళ్లు... తోట బాట... చెట్లు చెట్లు చెట్లు...

తారు!

ఎప్పటికీ ఎక్కకూడని రోడ్డు!

కారు ఎక్కింది. రెండు దగ్గులు దగ్గింది. ట్యాంకు ఖాళీ. ఇంజిన్ ఆగిపోయింది. చప్పుడు లేకుండా జారుతూ జారుతూ పోయి...

నీలి లైటు తిరుగుతున్న పోలీసు జీపు ముందు ఆగింది.

లావుపాటి ఆడ సార్జంట్ టార్చ్ వేసుకుని వచ్చింది. కారుని ముందు చూసింది. వెనక చూసింది. నీలం పేలికలు వేలాడుతున్న తెల్ల కారు. విరిగిన అద్దం. బెల్టులో ఇరుక్కుని, చెమటలో నానిపోయిన మనిషి.

“ముప్పాతిక తెలుపు... మీరేనా?” అంది.

షుకోర్ తల ఊపాడు.

“నంబర్ ఏదండీ దీనికి?”

షుకోర్ జేబులోంచి చెయ్యి తీసి పిడికిలి విప్పాడు. చెమటకి తడిసి ముద్దయిన ఊదా గుడ్డ. అంచున తెల్ల పట్టీ. సిరా చెరగలేదు. తన షాపు సిరా ఎన్ని ఉతుకులకీ చెరగదు.

“నా దగ్గరున్న నంబర్ ఇదొక్కటే మేడమ్. సల్మా టీచర్‌ది.”

సార్జంట్ చేతిలో టార్చ్ కదలకుండా ఆగిపోయింది.

వెనక తోటలోంచి తౌకే కేక వినిపించింది.

“వద్దు, మజ్లాన్!”

చివర ‘లా’ లేదు.

ఢాం!

షుకోర్ ఇంజిన్ ఆగిపోయి చాలాసేపైంది.