రెండో మంచం ఊపిరి

అక్క సిటీ బస్సు డ్రైవరు. ఒక మధ్యాహ్నం స్టీరింగు మీదే రెప్ప వాలి, బస్సుని ఫుట్‌పాత్ ఎక్కించింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ నిద్రలో ఊపిరి ఆగుతోందేమో పరీక్ష చేయించుకుంటేగానీ మళ్ళీ బండి ఇవ్వమన్నారు. ఆ పరీక్షలు చేసే చోటే నా ఉద్యోగం.

"పడుకుంటే పాసయ్యే పరీక్షలు చిన్నప్పుడే పెట్టుంటే నాకెప్పుడూ ఫస్టు క్లాసేనే," అంటూ అక్క ఒకటో మంచం మీద వాలింది. టెక్నీషియన్ ఆమెకి వైర్లు అంటించి తలుపు దగ్గరగా వేశాడు. బయట వాన. వసారా అంతా తడిసిన సున్నం వాసన.

నేను పక్క గదిలో నా ప్రోగ్రామ్ ముందు కూర్చున్నాను. కొలతలన్నీ ఒకే ఫైల్లో దాచే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఒకటి వాడతాను. బీరువాలో అరలు, అరల్లో పెట్టెలు ఉన్నట్టు, ఆ ఫైల్లో మంచానికో అర, మనిషికో పెట్టె, పెట్టెలో ఊపిరి వరుస, గుండె వరుస. మనిషి పడుకున్నంతసేపూ వరుస పెరుగుతూనే ఉంటుంది.

రెండో మంచం అరలో కూడా ఒక పెట్టె పెరుగుతోంది.

అది గడియారాలు బాగుచేసే తాతది. పోయిన వారం ఆ మంచం మీదే, నిద్రలోనే పోయాడు.

"రెండోదాని వైర్లు తీయలేదా?"

"ఆ రోజే తీసేశాను మేడం. మంచం కూడా స్టోర్ రూంలో పడేశాం," అన్నాడు టెక్నీషియన్.

ఆ వరుసని గీతగా చూశాను. పొడుగాటి ఊపిరి. ఆగింది. చాలాసేపు... మళ్ళీ ఇంకొకటి.

ప్రోగ్రామ్‌లో తప్పేదో దొర్లిందనుకుని పెట్టె చెరిపేశాను. ఫైలు సైజు తగ్గలేదు. అందులో వింత లేదు. ఈ లైబ్రరీలో చెరిపితే పోయేది పేరే. సరుకు లోపలే ఎక్కడో పడి ఉంటుంది. పేరున్నవాటినే కొత్త ఫైల్లోకి ఎత్తుకుంటే, పేరు లేనిది పాత ఫైల్లోనే ఉండిపోతుంది. అలాగే చేశాను.

కొత్త ఫైలూ అంతే సైజుంది.

ఒకే వరుసని రెండు పెట్టెల్లో, రెండు పేర్లతో పెట్టవచ్చు. అంటే తాత వరుసకి ఇంకెక్కడో ఇంకో పేరుంది. వెతికాను. అక్క పెట్టెలో ఊపిరి వరుసలు రెండున్నాయి. రెండూ పెరుగుతున్నాయి.

వెళ్ళి తలుపు తోశాను. అక్క మంచం అంచుకి ఒత్తిగిలి పడుకుని ఉంది. వెనక, గోడ వైపు, ఒక మనిషి పట్టేంత ఖాళీ.

"అక్కా, లే..."

కళ్ళు తెరవలేదు. "మెల్లగా మాట్లాడవే," అంది గుసగుసగా. "ఇప్పుడే పడుకున్నాడు."

"ఎవరు?"

ఆ ఖాళీలో దుప్పటి కాస్త పైకి లేచింది... ఆగింది... దిగింది.

వైర్లు పీకేసి, అక్కని లాక్కుంటూ వానలోకి పరిగెత్తాను. "పిచ్చెక్కిందా నీకు?" అని దారంతా తిట్టింది. తనకేమీ గుర్తు లేదు. పడుకున్న కాసేపట్లో ఊపిరి ఒక్కసారీ ఆగలేదని డాక్టరు రాసిచ్చాడు. బస్సు మళ్ళీ చేతికొచ్చింది.

"ఈమధ్య నిద్రే రావట్లేదే. హాయిగా డబుల్ డ్యూటీ చేస్తున్నా," అని నవ్వింది మొన్న.

ఆ మాట విన్నాకే ఫైలు మళ్ళీ తెరిచాను. నేను వైర్లు పీకిన క్షణంలోనే తాత వరుస ఆగిపోయింది. ఆగనిది అక్కది. వైర్లు లేవు, మంచం మీద అక్క లేదు... గాఢనిద్రలో ఉన్న మనిషి ఊపిరి, సమంగా, పెరుగుతూనే ఉంది. చెరపడానికి చెయ్యి రాలేదు.

ఇవాళ మధ్యాహ్నం ఆ గీత చదునైపోయింది.

వెంటనే అక్కకి ఫోన్ చేశాను. ఎత్తింది.

"అక్కా, ఎక్కడున్నావ్?"

వెనక ఎవరో బస్సు ఆపమని అంటున్నారు.

తెర మీద గీత కదల్లేదు. ఫోన్లో మాత్రం ఊపిరి వినిపించింది, తాత గీతలో చూసినదే. పొడుగ్గా... ఆగింది. చాలాసేపు... మళ్ళీ ఇంకొకటి.