ధర్మారావు గారి ఇరవై నాలుగు పళ్లాలు

"ఈ వారం ఏం తెచ్చావు?"

"ఏమీ తేలేదు."

"ఆ 'ఏమీ'ని అటకెక్కించడానికి స్టూలు ఎందుకు?"

సింధూరి స్టూలు మీద నుంచే వెనక్కి తిరిగింది. చేతిలో గోనెసంచి. లోపల స్టీలు చప్పుడు.

"చెప్తే తిడతావు సాయీ."

"చెప్పకపోతే?"

"రేపు తిడతావు. రేపే నయం."

వెంకటసాయి నవ్వాపుకుని స్టూలు పట్టుకున్నాడు. కోప్పడే హక్కు అతనికి పెద్దగా లేదు. వాళ్ల పరిచయమే చీపురుపల్లి స్టేషను దగ్గర పాత సామాన్ల కొట్లో, ఒక టేబుల్ ఫ్యాను మీద తగువుతో మొదలైంది. ఫ్యాను ఆమె పట్టుకుపోయింది. ఎనిమిది నెలల తర్వాత అతన్నీ పట్టుకుపోయింది. ఫ్యాను ఇంతవరకూ తిరగలేదు.

విజయనగరంలో వాళ్ల అద్దె ఇంటికి ఉన్న ఇనప గేటు కూడా ఆమె కొన్నదే. మూతపడిన ఏదో క్లినిక్‌ది. మధ్యలో పెద్ద ఎర్ర ప్లస్ గుర్తు. బిగించిన మర్నాడే ఇద్దరు జ్వరం వాళ్లు, ఒక కుక్క కాటు ఆయన వచ్చారు. కుక్క కాటు ఆయన్ని సాయి బండి మీద పెద్దాసుపత్రిలో దింపి వచ్చాడు.

"రంగేసెయ్యొచ్చుగా?" అన్నాడు ఆ రోజు.

"వేస్తే అందం పోతుంది."

ఇప్పుడు మాత్రం అతని గొంతులో సరదా లేదు.

"సింధూ, ఆదివారం నాన్న వస్తున్నాడు. ఆయన కంట పాత సామాను ఏదీ పడకూడదు. ప్లీజ్."

ఆమె సంచిని అటక లోపలికంటా నెట్టేసింది. విషయం ఎంత పెద్దదో ఆమెకీ తెలుసు.

ధర్మారావుది శ్రీకూర్మం దగ్గర పల్లె. వరి రైతు. కొడుకు బొబ్బిలి వ్యాపారస్తుల పిల్లని రిజిస్టరాఫీసులో పెళ్లి చేసుకున్నాడని తెలిసిన రోజు ఫోన్లో ఒక్కటే మాట అన్నాడు. "ఇంక నీకు తండ్రి లేడు. సచ్చిపోనాననుకో." ఆ తర్వాత ఏడాదిన్నరగా ఫోను ఎత్తలేదు. చివరికి సాయి మేనమామ నరసింగరావు ఆయన్ని కదిపాడు. "ఒక్కపాలి సూసొద్దాం బావా. నచ్చకపోతే మధ్యాన్నం బస్సుకి వొచ్చీద్దాం. మళ్లీ నాను అడగను."

ఉన్నది ఆ ఒక్క అవకాశం.

ఆదివారం తొమ్మిదింటికి ధర్మారావు గేటు ముందు ఆగాడు. ప్లస్ గుర్తుని పైనుంచి కిందికి చూశాడు.

"ఎవలికేనా ఒంట్లో బాగోలేదేట్రా?"

"లేదు నాన్నా. అది... డిజైను."

ఏడాదిన్నర తర్వాత తండ్రీ కొడుకులు మాట్లాడుకున్న మొదటి మాటలు అవి.

ఉప్మా దించేసరికి కాఫీ పాలు విరిగాయి. సింధూరి ప్యాకెట్ కోసం పరుగెత్తింది. వడ్డిద్దామని చూస్తే ఇంట్లో ఉన్నవి రెండే ప్లేట్లు, రెండూ అంచు పగిలినవి. సాయికి అటక గుర్తొచ్చింది. స్టూలెక్కి సంచిలోంచి రెండు స్టీలు పళ్లాలు లాగాడు. గబగబా కడిగాడు. ఉప్మా పెట్టాడు.

చదవలేదు. అదే తప్పయింది.

ధర్మారావు తల వంచుకుని తింటున్నాడు. పళ్లెం నడిమధ్య, ఉప్మా తరిగే కొద్దీ చుక్కలతో కొట్టిన అక్షరాలు బయటపడుతున్నాయి. ముందు 'గారి' కనిపించింది. తర్వాత 'ధర్మారావు'. ఆయన ముఖంలో చిన్న వెలుగు. కొడుకు తన పేరు కొట్టించాడు!

ఇంకో రెండు ముద్దలు తిన్నాడు.

'కీ.శే.'

ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"ఏట్రా ఇది?"

సాయి వంగి చదివాడు. కీ.శే. ధర్మారావు గారి జ్ఞాపకార్థం.

"నాన్నా, ఇది..."

"కోపంలో సచ్చిపోనాననుకో అన్నాను. అనుకోమన్నాను గానీ, పళ్లాలు పంచమన్నానేట్రా?"

నరసింగరావు తన పళ్లెంలో ఉప్మా పక్కకి జరిపాడు. "నాకూ అదే వొచ్చినాది బావా. కింద ఇంకో లైనుంది. ఇట్లు భార్య, పిల్లలు."

"భార్యా? అయితే మీ అప్ప కూడా ఇందులో ఉన్నాదా?"

ధర్మారావు ఫోను తీసి ఇంట్లో ఉన్న భార్యకి కొట్టాడు. స్పీకరు దానంతటదే ఆనైంది.

"పార్వతీ! నా పేర్న పళ్లాలు పంచినారా?"

"పళ్లాలేటి? కోడల్ని సూసినావా?"

"నాను సచ్చిపోనానంట!"

"మరి మాటాడతన్నది ఎవలు? ముందు టిఫిను తినీసి ఫోన్ చెయ్యి." పార్వతీదేవి పెట్టేసింది.

ధర్మారావు లేచి కండువా భుజాన వేసుకున్నాడు. గుమ్మంలో సింధూరి ఎదురైంది. చేతిలో పాల ప్యాకెట్. ఆమె చూపు ముందు పళ్లెం మీద పడింది, తర్వాత సాయి మీద.

"అవి ఎందుకు తీశావు?"

"ఆడికి కాదు, నాకు సెప్పమ్మా," అన్నాడు ధర్మారావు.

సింధూరి తల దించుకుని చెప్పింది. "తుక్కు కొట్లో కుప్పగా పోసి ఉన్నాయి మావయ్యా. కరిగించడానికి పంపుతారట. పైనున్న దాని మీద మీ పేరు. ముందు ఆ రెండక్షరాలు. మీరు కాదని తెలుసు. అయినా అక్కడ వదిలి రావడానికి కాళ్లు రాలేదు. ఒక్కటి తెస్తే మిగతావాటి మీదా మీ పేరే ఉంది. అందుకని ఇరవై నాలుగూ తెచ్చేశాను. ఎవరూ వాటిలో తినకూడదని అటకెక్కించాను."

"నువ్వు నన్ను ఎప్పుడూ సూడ్లేదు గదా."

"చూళ్లేదు. పేరు మాత్రం రోజూ చూస్తాను. సాయి మీకు ఫోన్ చేస్తాడుగా, మోగి మోగి ఆగిపోయేదాకా స్క్రీను మీద ఉంటుంది."

ఈ సంగతి సాయికి కూడా కొత్తే. తన వెనక నిలబడి ఆమె రోజూ ఆ పేరు చదువుతోందని అతనెన్నడూ గమనించలేదు.

ధర్మారావు చెప్పులు వేసుకున్నాడు.

"ఆ కొట్టు ఎక్కడమ్మా?"

"దగ్గరే మావయ్యా."

"ఇంకేవైనా మిగిలిపోనాయేమో సూసొద్దాం, పద."

"బావా, మధ్యాన్నం బస్సు..."

"నువ్వు ఉప్మా తిను."

ఇద్దరూ వెళ్లిపోయారు. చినుకులు మొదలయ్యాయి. సాయి పది సార్లు గేటు దాకా వెళ్లొచ్చాడు.

"ఒరే, మీ నాన్న కోపంగా ఎల్లినాడా, మామూలుగా ఎల్లినాడా?" అడిగాడు నరసింగరావు.

"తెలీడం లేదు మావా."

మధ్యాహ్నం బస్సు వెళ్లిపోయే వేళ దాటింది. ఒంటిగంటకి ఆటో ఆగింది. మామా కోడళ్ల మధ్య నాలుగు కాళ్లు బయటికి చాపిన టేకు పడక్కుర్చీ. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు.

"నాను బేరమాడితే కొట్టువోడు నవ్వినాడు," ధర్మారావు దిగుతూ అన్నాడు. "కోడలు ఆడితే ఏడిసినాడు."

సింధూరి కనురెప్పల మీద వాన చుక్కలున్నాయి. సాయి దగ్గరికి వెళ్లి మెల్లగా అన్నాడు.

"ఇంక నువ్వు ఏం తెచ్చినా తిట్టను."

"ఒట్టు?"

"ఒట్టు. నాలుగు రోజులు."

ఆమె తడి చెయ్యి అతని చొక్కాకి తుడిచేసింది.

అతను తండ్రి వైపు తిరిగాడు. "నాన్నా, ఇంత కుర్చీ బస్సెక్కనివ్వరు. ఊరికెలా పట్టుకెళ్తావు?"

"ఊరికెందుకురా?" ధర్మారావు విసుక్కున్నాడు. "వొచ్చినప్పుడల్లా నీ ఇంట్లో నేల మీద కూకోమంటావేటి? నిలబడి సూస్తావేట్రా, లోపలెట్టు!"