తొడుగు తీసి చేసిన ప్రార్థన

వెంకటాచలం దాటినాక హైవే పక్కన ఆ పరిశోధన ఆసుపత్రి ఉంది. పైకి చూస్తే కల్యాణ మండపంలా ఉంటుంది. ముందు పూలకుండీలు, పక్కన టీ బంకు. లోపల మాత్రం మనిషి చర్మాన్ని పెంచుతారు.

పెంచడమంటే నిజంగా పెంచడమే. గోరంత చర్మం ముక్క తీసుకుంటారు. అందులోని కణాలను గాజు పళ్లెంలో వేసి, వెచ్చగా ఉంచి, రోజు మార్చి రోజు మేత నీళ్లు మారుస్తారు. అవి పక్కలకు పాకుతాయి. ఎందాకా అంటే, పక్క కణం తగిలేదాకా. తగిలితే ఆగిపోతాయి, తోడు దొరికింది ఇక చాలు అన్నట్టు. అట్లా అల్లుకున్న పొరను తీసి కాలిన చోట పరుస్తారు. దాని కింద గాయం మానుతుంది.

పదకొండేళ్ల డెబోరా కుడిచేతికి అట్లాంటి పొరే వేసినారు. తల్లి ఎలిశబెతు సముద్రం ఒడ్డు షెడ్డులో రొయ్యలు వలిచేది. బడి వదలగానే పిల్ల అక్కడికే వచ్చేది. ఉడకబెట్టే తొట్టి కింద గ్యాసు అంటుకున్న రోజు కూడా వచ్చింది.

పొర అతుక్కుంటే చెయ్యి ఉంటుంది. అతుక్కోకపోతే మణికట్టు దాకా తీసేయాలి. డాక్టర్ పెంచలప్రసాద్ ఆ మాట దాచకుండా చెప్పినాడు.

"పాప చర్మం పళ్లెంలో బతకలేదమ్మా. వేసింది వేసినట్టు చచ్చిపోయింది. ఇది మీ షెడ్డు మనిషిదే, చనిపోయిన అంకాలమ్మది. కాలని చోట తీసినాం. వాళ్లన్న మనసున్నవాడు, ఒప్పుకున్నాడు. దీన్నయితే ఆపలేకపోయినాం, అంత బాగా పెరిగింది."

ఎలిశబెతు తల ఊపింది.

"మీ అరచేతి మీద ఆ గీతలేంది? ఇంకా పచ్చిగానే ఉన్నాయే."

"రొయ్య కొమ్ము గీరుకుంది సార్."

రొయ్య కొమ్ము పక్కపక్కనే నాలుగు గీతలు గీయదు. అవి అంకాలమ్మ గోళ్లు. ఆనాడు పొగలో ఎలిశబెతు ఒక చేత్తో కూతుర్ని లాగుతోంది. రెండో చెయ్యి అంకాలమ్మ పట్టుకుంది. "అక్కా, వదలొద్దక్కా" అంది. ఇద్దర్నీ లాగే బలం లేదు. ఎలిశబెతు విదిలించింది. ఊడలేదు. చివరికి కాలెత్తి తన్నింది.

ఆ సాయంత్రం వాయుగుండం ఒడ్డుకు దగ్గరైంది. పొద్దు గుంకకముందే చీకటి పడింది. కిటికీ సందుల్లోంచి ఉప్పుగాలి, తడిమట్టి వాసన. డాక్టర్ కట్టు మారుస్తున్నాడు. ఒక్కో వేలికి విడివిడిగా చుట్టిన గుడ్డ విప్పినాడు. మధ్యలో గుడ్డ లేకపోతే వేళ్లు మానుతూ మానుతూ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఏ వేలు ఏదో పచ్చి గాయానికి తెలియదు.

కరెంటు పోయింది.

ఆయన చెవి ఒగ్గి ఆగినాడు. జనరేటర్ చప్పుడు రాలేదు.

"పళ్లేలు చల్లబడితే లోపలున్న పొరలన్నీ పోతాయి. చూసొస్తా. పాప చెయ్యి తాకొద్దు. మీ చేతి తొడుగులు అసలు తీయొద్దు."

టార్చి వెలుగు వరండా చివర మలుపు తిరిగింది. ఇక చీకటి. వాన చప్పుడు.

"అమ్మా... భయమేస్తోంది."

"గమ్మునుండు తల్లీ, వస్తాడు."

"ప్రార్థన చెయ్యమ్మా. నా చెయ్యి పట్టుకో."

వాళ్ల సంఘంలో రోగి కోసం ప్రార్థించేటప్పుడు నొప్పి ఉన్న చోటే పట్టుకుంటారు. పాస్టరమ్మ అట్లా పట్టుకుంటే జ్వరాలు దిగడం ఎలిశబెతు కళ్లారా చూసింది. రబ్బరు తొడుగు వేసుకుని దేవుణ్ణి అడగడం ఆమెకు దొంగతనంలా తోచింది. కాసేపే కదా. తొడుగు తీసింది. గీతలున్న అరచేతిని మెల్లగా కూతురి చేతి కింద పెట్టింది.

"ప్రభువా..."

అరచేతిలో వేడి. తడి. మందుల వాసన ఎటో పోయింది. ఇంకో వాసన వస్తోంది... ఉడికే రొయ్యల వాసన.

అరచేతి గీతలు జిలపెట్టినాయి. పట్టు బిగిసింది.

"అంత గట్టిగా పట్టుకోకు తల్లీ. పొర చెదురుతుంది."

"నేను పట్టుకోలేదమ్మా... వేళ్లు చాపే ఉంచినా."

ఎలిశబెతు చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. రాలేదు. కొంచెం లాగింది. డెబోరా కేక పెట్టింది. తడిగుడ్డ చిరిగిన చప్పుడు... ఎవరి చర్మమో చీకట్లో తెలియలేదు.

ఇంకొక్కసారి లాగితే వచ్చేస్తుంది. ఎట్లా విదిలించాలో ఆ చేతికి బాగా తెలుసు. కానీ పొర ఊడితే పిల్లకు చెయ్యి ఉండదు.

"అంకాలూ..." గొణిగింది. "పిల్లనొదిలెయ్ తల్లీ. నన్ను పట్టుకో."

ఏదో సన్నగా పాకుతోంది. అరచేతి మీంచి మణికట్టుకు... మణికట్టు మీంచి పైకి. చీమలు కాదు. చీమలకు కాళ్లుంటాయి.

డెబోరా ఏడుపు ఆగింది. నిద్రలోలాగా అంది.

"వదలొద్దక్కా."

అమ్మా అని కాదు.

జనరేటర్ గుర్రుమంది. లైట్లు వెలిగినాయి. డాక్టర్ వచ్చి ముందు నేల మీదున్న తొడుగు చూసినాడు. తిట్టబోయి ఆగిపోయినాడు. రెండు చేతుల మీదా ఒకటే పొర. లేత గులాబీ రంగు. అతుకు ఎక్కడా కనబడటం లేదు. ఇంత చక్కగా మానిన చర్మాన్ని ఆయన ఎన్నడూ చూడలేదు.

"పిల్ల చెయ్యి దక్కుతుందా సార్?"

"కదలకండి."

విడదీయాలంటే ముందు ఏ వేలు ఎవరిదో తేలాలి. పొర కింద ఉబ్బెత్తుగా ఉన్నవాటిని ఒక్కొక్కటే తాకుతూ పైకే లెక్కపెట్టినాడు. తల్లివి ఐదు, బిడ్డవి ఐదు. ఒకటో తరగతి పిల్లలు చేసే కూడిక.

"పది" అన్నాడు. ఆయన చెయ్యి ఆగలేదు. "పదకొండు..."

మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టినాడు.

ఎలిశబెతు కళ్లు మూసుకుంది. మిగతావి ఎక్కడున్నాయో ఆమెకు తెలుస్తూనే ఉంది. నాలుగు గోళ్లు... పాత గీతల్లోనే, సరిగ్గా కుదురుకున్నాయి.