మారు వడ్డన

కాకినాడ పిల్ల కంచం ముందు "చాలు" అందంటే, ఇంకో రెండు గరిటెలు వెయ్యమని అర్థం. ఇంత చిన్న విషయం తెలియని తెలుగువాడు ఢిల్లీలో ఒకడున్నాడని కావేరికి ఆ ఆదివారమే తెలిసింది.

అతని పేరు సాయిప్రకాష్. ఆఫీసులో ఆమె పక్క సీటు. సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో పుట్టి పెరిగాడు. మాటల్లో హిందీ దొర్లినా, వంట మాత్రం వాళ్ళమ్మ సునంద దగ్గర నేర్చుకున్న అచ్చ తెలుగు వంట. సాకేత్ హాస్టల్లో రాజ్మా తిని నీరసించిన కావేరిని జాలిపడి భోజనానికి పిలిచానన్నాడు. జాలేనని మనం నమ్మనక్కర్లేదు. వాళ్ళమ్మ ఊరెళ్ళింది, వంటంతా అతనిదే.

గుత్తివంకాయ, కందిపచ్చడి, ముక్కల పులుసు. మొదటి ముద్దకే కావేరికి ప్రాణం లేచొచ్చింది.

"ఇంకొంచెం?" అన్నాడు గరిటె పట్టుకుని.

"అబ్బే, చాలండి!" కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది, వేళ్ళ మధ్య బోలెడు సందు వదిలి.

"ఠీక్ హై." వంకాయ మీద మూత పడింది.

పచ్చడికీ పులుసుకీ అదే గతి. కావేరి హాస్టల్‌కెళ్ళి బిస్కెట్లతో కడుపు నింపుకుంది.

మర్నాటి నుంచి అతను ముభావంగా తిరిగాడు. చివరికి క్యాంటీన్లో అడిగేశాడు.

"నా వంట అంత బేకార్‌గా ఉందా?"

"ఎవరన్నారండీ?"

"మీరే. అన్నిటికీ చాలు, చాలు!"

"చాలంటే మానేస్తారా ఎవరైనా? బతిమాలాలండి!"

"అమ్మాయి వద్దంటే బతిమాలకూడదని మా అమ్మ చెప్పింది."

వంకాయ పోతే పోయింది, ఈ మనిషిని వదులుకోకూడదని కావేరికి అప్పుడే అనిపించింది.

సునంద తిరిగొచ్చి, సంగతి విని, కావేరిని మళ్ళీ పిలిచింది. "అది అమ్మాయిల గురించి చెప్పాన్రా మొద్దూ, వంకాయల గురించి కాదు!" అని కొడుకుని కసిరి, "తిను తల్లీ" అంటూ కొసరి కొసరి వడ్డించి, కాఫీ పెట్టడానికి లేచింది.

సాయిప్రకాష్ గొంతు సవరించుకున్నాడు. "కావేరీ, మీరంటే నాకు ఇష్టం. మీకు కూడా..?"

"అబ్బే, అదేం లేదండి!" అలవాటైన నోరు అనేసింది. తల వంచుకుని, రెండోసారి అడుగుతాడని కాచుకుంది.

"అచ్ఛా. సారీ. ఇంకెప్పుడూ అడగను." కంచాలు పట్టుకుని వంటింటి వెనక పెరట్లో ఉన్న సింకు దగ్గరకెళ్ళిపోయాడు.

కావేరి చటుక్కున తలెత్తింది. ఈ మనిషి అన్నంత పనీ చేస్తాడు, నిజంగానే అడగడు! ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే వెనకాల పరిగెత్తింది.

"అబద్ధం చెప్పానండి. మీరంటే ఇష్టం. చాలా ఇష్టం!"

ట్యాప్‌లోంచి నీళ్ళు పారుతూనే ఉన్నాయి. "మళ్ళీ చెప్పండి," అన్నాడు సాయిప్రకాష్.

గుమ్మంలో కాఫీ గ్లాసులతో సునంద. కావేరి ఆవిడను చూసి ఎర్రబడింది, అయినా మళ్ళీ చెప్పింది.

"ముందా ట్యాప్ కట్టెయ్యరా," అంది సునంద నవ్వుతూ. "అమ్మాయ్, మీ నాన్నగారి నంబరు ఇస్తావా? నేను మాట్లాడతాను."

కావేరి ఒక్కసారి అడగ్గానే చెప్పేసింది.