బొమ్మ వేళ్ళలో పాట

"రెండు పడవల మీద కాళ్ళు పెట్టావు నాన్నా! పగలు బొమ్మలు, సాయంత్రం ఫ్లూటు. ఏదో ఒకటి నీ కొంప ముంచకపోతే అడుగు," అంది తల్లి, స్టూడియో మెట్లెక్కుతూనే.

"కాస్త మంచి మాట అనవే అమ్మా! ఈ రోజు తను కూడా వస్తోంది."

"అయితే ఇంకా భయం," అందావిడ.

తనంటే, వాద్యబృందంలో అతని పక్క కుర్చీలో ఫ్లూటు వాయించే అమ్మాయి. తాను గీసిన యానిమేషన్ సినిమా చూపించి, ఈ రోజైనా మనసులో మాట చెప్పేయాలని అతని ఆరాటం.

అమ్మాయి వచ్చి తల్లి పక్కన కూర్చోగానే దీపాలు ఆరాయి. తెర మీద బొమ్మ పిల్ల ఒకతె వానలో చూరు కింద నిలబడి ఫ్లూటు వాయిస్తోంది. సంగీతం ఇంకా కలపలేదు, సినిమా మూగగానే నడుస్తోంది.

"ఏంటి బొమ్మలాయనా, ఈ పిల్ల ముక్కు అచ్చం నాలాగే..." నవ్వబోయిన అమ్మాయి చటుక్కున ఆగింది. బొమ్మ వేళ్ళ వెంట ఒళ్ళో ఆమె వేళ్ళు వాటంతటవే కదిలాయి.

దీపాలు వెలిగాయి.

"అది నేను కట్టుకున్న పాట. ప్రాక్టీసు గదిలో ఒంటరిగా వాయించుకునేది. మీరెప్పుడు విన్నారు?"

ఎన్నడూ లేనిది "మీరు" అనేసరికి అతను కుర్చీలోంచి లేచాడు.

"వరండాలో నిలబడి విన్నాను. గీస్తుంటే చెయ్యి దానికదే ఆ పాటలోకి పోయింది. సౌండ్ లేని బొమ్మ కదా, వేళ్ళనెవరు చదువుతారులే అనుకున్నా."

"ఫ్లూటు వాయించేదాన్ని పిలిచి మరీ అనుకున్నారా? అడగాలని తోచలేదా?"

తల్లి గుండె మీద చెయ్యేసుకుంది. "నే చెప్పలా..."

"అమ్మా, నువ్వుండవే!" అతను అమ్మాయి వైపు తిరిగాడు. "తప్పే. ఆ సీనంతా తీసేస్తాను, మళ్ళీ మొదట్నుంచి గీయాల్సొచ్చినా సరే. నువ్వు మాత్రం నా పక్క కుర్చీ వదిలి వెళ్ళకు. నువ్వంటే నాకు ప్రాణం."

ఆమె ఖాళీ తెర వైపే చూస్తూ కూర్చుంది. ప్రొజెక్టర్ ఫ్యాను గుయ్యిమని తిరిగి తిరిగి, అదీ ఆగిపోయింది. అమ్మాయి బ్యాగు భుజానికి తగిలించుకుని లేచింది. అతను కళ్ళు దించుకున్నాడు.

"తీసేయకు," అంది గుమ్మం దగ్గర ఆగి. "ఆ పాటకి చివర ఇంకా కుదర్లేదు నాకు. రేపు ప్రాక్టీసు గదికి పెందలాడే రా, ఇద్దరం కలిసి కడదాం."