వేలాడని పైపు

సోమన్న ఛాతీ స్టీరింగుకు అతుక్కుని ఉంది. తల బేతంచెర్ల బండల కింద ఉంది.

1998 మే నెల, గురువారం. మధ్యాహ్నం రెండుంబావు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో, శిరివెళ్ల దాటాక కాలువ మీద ఎత్తు వంతెన. వంతెన దిగిన చోట పంక్చరై నిలబడిన బండల లారీ. తెల్ల అంబాసిడర్ కారు నేరుగా దాని వెనక్కి దూరింది. లారీ వెనక తలుపు విరిగింది. పాలిష్ బండలు జారి కారు అద్దంలోంచి లోపలికి వచ్చాయి.

రోడ్డు మీద టైరు ఈడ్చిన మరక ఒక్కటీ లేదు. బ్రేకు పడలేదన్నమాట.

కారులో సోమన్న తప్ప ఎవరూ లేరు. అతను డ్రైవర్. కారు ఆళ్లగడ్డ కాంట్రాక్టర్ ఓబుళేసుది. కాంట్రాక్టర్ అనేది రోడ్లు వేసేటప్పటి పేరు. మిగతా రోజుల్లో అతను ఫ్యాక్షన్ నాయకుడు.

సి.ఐ. పరంజ్యోతి నంద్యాల నుంచి వచ్చేసరికే ఓబుళేసు మనుషులు ముప్పై మంది కారు చుట్టూ ఉన్నారు. ఒక్కడూ ఏడవడం లేదు. శవాన్ని బయటికి లాగాలన్న ధ్యాస ఒక్కడికీ లేదు. ఈ సీమలో నాయకుడి కారు గుద్దుకుంటే శవం సంగతి తర్వాత. కేసు ఎవడి నెత్తిన వేయాలన్నదే ముందు.

ఓబుళేసు మేనల్లుడు రాజశేఖర్ ఎదురొచ్చాడు. నల్ల కళ్లద్దాలు. చేతులకు గ్రీజు.

"మర్డర్ సార్ ఇది. మా మామకు వేసిన స్కెచ్. కారు కింద చూడండి."

పరంజ్యోతి నేల మీద పడుకుని చూశాడు. వెనక ఇరుసుకు పోయే బ్రేకు పైపు సరిగ్గా మధ్యలో తెగి ఉంది. మామూలు రబ్బరు పైపు కాదది. పైన సన్నటి స్టీలు తీగల అల్లిక. కోత నున్నగా ఉంది.

"ఈ పైపు ఎవరేసినారు?"

"దాదా ఖలందర్. నంద్యాలలో మెకానిక్ షెడ్డు. అవతలి పార్టీకి అమ్ముడుపోయినాడు. మావోళ్లు పట్టుకున్నారులే."

"పట్టుకోడానికి మీరెవరు?"

"మీరు పోయేలోపల పారిపోతాడని."

"నీ చేతికి ఆ గ్రీజేంది?"

"శవాన్ని తీయాలని చూసినా సార్."

శవం వైపు తలుపు మూసినట్టే ఉంది. ఆ తలుపు మీద వేలిముద్రంత గ్రీజు కూడా లేదు. పరంజ్యోతి పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

సాయంత్రానికి ఖలందర్ స్టేషన్లో ఉన్నాడు. ఓబుళేసు మనుషులు అప్పజెప్పి పోయారు. కుడిచేతి వేళ్లు మూడు విరిచి మరీ అప్పజెప్పారు. పైనుంచి ఫోను కూడా వచ్చింది. మర్నాడు కోర్టులో పెట్టాలి. సెక్షన్ 302. హత్య. నిరూపణైతే యావజ్జీవం.

"పైపు కోసినావా?"

"లేదు సార్. అల్లా సాక్షి."

"అల్లాను కోర్టుకు పిలవలేను. నువ్వే చెప్పు. యాడిదా పైపు?"

"రాజశేఖర్ బెంగుళూరు నించి తెచ్చినాడు సార్. రేసు కార్లకేసే పైపులంట. రెండు తెచ్చినాడు. ఓబుళేసన్న కారుకొకటి, ఇంట్లో ఆడోళ్ల కారుకొకటి. రబ్బరు పైపైతే ఎవడైనా కత్తితో కోసేస్తాడని అన్నకు భయం."

"అంబాసిడర్‌కు సరిపోయినాయా?"

"మర సరిపోయింది సార్. తిప్పితే ఎక్కింది. పొడుగే రోంత తక్కువ. వేరే బండి కోసం చేసినవి అవి. ఆ మాటంటే రాజశేఖర్ నవ్వినాడు. 'వేలాడకుంటేనే మేలురా, వేలాడితే కత్తికి దొరుకుతాది' అన్నాడు."

"నువ్వు బిగించినావ్."

"ఏం చేద్దును సార్? ఓబుళేసన్న పెద్దకారులో ఐదుగురు కూచోనుండారు. దిగండప్పా అంటే దిగలే. దిగితే ఎవడో సీటు కింద బాంబు పెడతాడంట. నా షెడ్డులో! అంత బరువు మీదున్న కారు కిందికి దూరి వేసినా. ఇరుసు దాకా అందింది. అందింది కదా, మూసుకోని పో అన్నారు."

"సరిపోదని తెలిసీ వేసినావు."

ఖలందర్ తల వంచుకున్నాడు.

పరంజ్యోతికి కొట్టినవాడి మీద ఎంత రోతో, కొట్టించుకున్నవాడి మీదా కొంచెం రోత. అయినా పిరికితనం హత్య కాదు. ఇతన్ని 302లో తోస్తే అసలువాడు ఈ రాత్రి మటన్ తిని పడుకుంటాడు.

తెల్లవారి ఆరింటికి కారు దగ్గర ఉన్నాడు. తెగిన రెండు ముక్కలనూ మొదలంటా విప్పి తీశాడు. ఇరుసు వైపు ముక్క బాగానే ఉంది. బాడీ వైపు ముక్కను పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ రెండు ముక్కలనూ సంచిలో వేసుకుని ఆళ్లగడ్డకు జీపు తిప్పించాడు.

ఓబుళేసు ఇంటి గేటు బయట సోమన్న భార్య వీరమ్మ కూర్చుని ఉంది. లోపలికి ఎవరూ రమ్మనలేదు.

"నీ మొగుడు నిన్న ఒక్కడే ఎందుకొచ్చినాడమ్మా?"

"నంద్యాలలో టెండర్ పనికి అందరూ మా ఆయన కార్లోనే పోయినారు సార్. వచ్చేటప్పుడు ఎవరిదో ఏసీ బండి దొరికిందంట. అందరూ దాంట్లో ఎక్కినారు. కారు నువ్వు తోలుకురాపో అన్నాడంట ఓబుళేసన్న."

"అంతకుముందెప్పుడైనా ఖాళీ కారు తోలినాడా?"

"యాడిది సార్! ఐదుగురు లేనిది ఆ కారు కదల్దు. సోమవారం నుంచి మా ఆయనకు గుబులే. ఆడోళ్ల కారు ఎనకాల టక్కుటక్కుమని కొట్టుకుంటాంటే మెకానిక్ యోబు షెడ్డుకు తోలుకుపోయినాడు. ఈ కారుకు కూడా చూపిద్దామన్నా అంటే ఓబుళేసన్న తిట్టినాడంట."

పరంజ్యోతి అందరినీ పిలిపించాడు. గంటలో అందరూ ఓబుళేసు పెరట్లో ఉన్నారు. కానిస్టేబుల్ పక్కన ఖలందర్. ఆళ్లగడ్డలో మెకానిక్ షెడ్డు నడిపే యోబు. కారు దిగని ఆ ఐదుగురు. రాజశేఖర్. గేటు తెరిపించి వీరమ్మను కూడా లోపలికి పిలిచాడు. ఓబుళేసు మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"ఏమప్పా పరంజ్యోతీ, నా ఇంట్లో పంచాయితీ పెట్టినావే? కోర్టుకు పో. వాన్ని జైలుకు తోయ్."

"తోస్తా. ఎవర్నని తేల్చుకుందామనే వచ్చినా."

సంచిలోంచి రెండు ముక్కలూ తీసి బల్ల మీద పెట్టాడు.

"రాజశేఖర్, ఈ కోత చూడు. గురువారం పొద్దున్నే కోసినారంటావా?"

"అంతే సార్. మా కారు నంద్యాలలో నిలబెట్టినప్పుడు."

"ఆ పాత కారులో నాలుగు చక్రాలకూ ఒకటే ఆయిల్ దారి. యాడ తెగినా అన్ని బ్రేకులూ పోతాయి. నంద్యాలలోనే కోసింటే ఊరి సందులు దాటేవాడు కాదు. సరే, అదీ వదిలేద్దాం. ఈ కొసను చూడు."

బాడీ వైపు ముక్కను పైకెత్తాడు. చివరన పైపును పట్టుకునే ఇనుప కట్టు ఉంది, వేలి ఉంగరమంత. అందులోంచి పైపు సగం ఊడి బయటికి వచ్చి ఉంది. స్టీలు తీగలు సాగి, చిక్కుపడి, పక్కకు తిరిగి ఉన్నాయి.

"ఇది బలంగా గుంజుకుంటే ఊడింది. పైపు ముందే మధ్యలో తెగిపోయుంటే ఈ కొసను గుంజేదెవరు? తెగిన తాడుతో ఎద్దును లాగుతారా? ముందు ఇక్కడ ఊడింది. సోమన్న చచ్చినాడు. ఆ తర్వాత మధ్యలో కోసినారు. పోలీసుల కంటే ముందు కారు కిందికి దూరినోడు కోసినాడు. నిన్న గ్రీజు ఎవరి చేతికుందో నేను చూసినా."

రాజశేఖర్ కళ్లద్దాలు తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"ఊడితే ఆ ఖలందర్‌గాడు సరిగ్గా బిగించలేదని అర్థం!" అన్నాడు.

"బిగింపు బాగానే ఉంది. పొడుగే తక్కువ. మీ ఐదుగురూ లోపల కూచుంటే కారు కుంగుతుంది. ఇరుసు దగ్గరికొస్తుంది. పైపు అందుతుంది. ఖాళీగా ఉంటే బాడీ లేస్తుంది, పైపు బిగుసుకుంటుంది. వంతెన మీద ఎగిరితే ఇరుసు ఇంకా కిందికి జారుతుంది. అప్పుడు ఊడుతుంది. మర కలిస్తే చాలనుకున్నారు మీరు. వేలాడకూడదనుకున్నారు. కత్తికి భయపడి కొలత తప్పినారు."

ఓబుళేసు నవ్వాడు.

"అయితే యాక్సిడెంటేగా. ఎవరికి తెలుసప్పా ఇవన్నీ?"

"నీకు తెలుసు."

పరంజ్యోతి పెరట్లోనే నిలబెట్టిన ఆడవాళ్ల కారు దగ్గరికి నడిచాడు. వంగి చూశాడు.

"దీనికీ స్టీలు పైపే వేయించినావు. ఇప్పుడు కొత్త రబ్బరు పైపుంది. ఎవరు మార్చినారు?"

యోబు గొంతు సవరించుకున్నాడు. "నేనే సార్. సోమవారం. సోమన్న తోలుకొచ్చినాడు. ఖాళీగా తిరిగే కారు కదా, పైపు బిగుసుకుపోయి కొస దగ్గర ఆయిల్ కారతాంది. ఓబుళేసన్న కూడా వచ్చి చూసినాడు. రబ్బరుదే వేసేయమన్నాడు."

"పెద్దకారు సంగతి?"

యోబు ఓబుళేసు వైపు చూశాడు.

"చెప్పురా," అన్నాడు పరంజ్యోతి.

"అదీ మార్చేదా అన్నా అని అడిగినా సార్. 'వద్దులే, దాంట్లో ఎప్పుడూ మనుషులుంటారు' అన్నాడు."

ఐదుగురిలో ఒకడు నెమ్మదిగా ఓబుళేసు కుర్చీ వెనక నుంచి పక్కకు జరిగాడు.

"తీసిన పైపు ఏం చేసినావ్ యోబూ?"

"షెడ్డులో ఉంది సార్. కొత్తది కదా, పారేయబుద్ధి కాలేదు."

"తీసుకురా. ఈ కారుకే వెయ్."

ఐదుగురినీ కారులో కూర్చోబెట్టాడు. యోబు కిందికి దూరి పైపు బిగించాడు. అందింది. ఆయిల్ పోసి బ్రేకు సరిచేశాడు.

"ఇప్పుడు దిగండి."

దిగారు. కారు లేచింది. కింద పైపు బిగిసి గట్టి పుల్లలా నిలబడింది. అందరూ వంగి చూశారు. వీరమ్మ కూడా చూసింది.

"ఓబుళేసూ, యాక్సిడెంటేనన్నావు కదా. లేయ్. ఒక్కడివే ఎక్కు. కాలవ వంతెన దాకా తోలుకుపోయి రా. బతికొస్తే ఈ కేసు చించేస్తా."

ఓబుళేసు లేవలేదు.

"ఏందీ తమాషా?"

"తమాషా కాదు. ఎక్కు."

"నాకు పనుంది."

"ఎక్కప్పా," అంది వీరమ్మ. అరవలేదు. "నా మొగుడు ఎక్కలే?"

ఓబుళేసు తన మనుషుల వైపు చూశాడు. ఐదుగురూ ఆ బిగిసిన పైపునే చూస్తున్నారు. నిన్న తామూ ఏసీ బండికి ఎగబడకుంటే సోమన్న బతికేవాడని ఒకడికి, ఖాళీగా పోయేవాడు రేపు తానే కావచ్చని ఇంకొకడికి తోచినట్టుంది. ఎవడూ కళ్లెత్తలేదు. ఓబుళేసు రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకున్నాడు. అంత లావు మనిషి ఆ కుర్చీలో కుంచించుకుపోయి కనిపించాడు.

"రాసుకో," అన్నాడు పరంజ్యోతి హెడ్ కానిస్టేబుల్‌తో. "చస్తాడని తెలిసీ పంపినందుకు ఓబుళేసు. సాక్ష్యం తారుమారు చేసినందుకు రాజశేఖర్. వేళ్లు విరిచినోళ్లెవరో ఖలందర్ చూపిస్తాడు, వాళ్లనూ రాయి."

వాళ్లు రేపో ఎల్లుండో బెయిలు మీద వస్తారని పరంజ్యోతికి తెలుసు. లాయర్లున్నారు, ఫోన్లున్నాయి. అయినా ఈ పూటకు లాకప్పులో ఉండేది వాళ్లు. జీపు ఎక్కించాడు.

"పో ఖలందర్. నీ మీద కేసు లేదు."

ఖలందర్ కదల్లేదు. వీరమ్మ అతనికి అడ్డంగా నిలబడి ఉంది.

"సరిపోదని తెలిసీ ఎట్ల వేసినావప్పా?"

"భయపడినానమ్మా."

"నా మొగుడూ భయపడే ఎక్కినాడు," అంది వీరమ్మ.